ఒంటిగంట ప్రకటన

నా రేడియో ఎవరూ వినరని పదకొండేళ్ళు గట్టిగా నమ్మాను. నమ్మి హాయిగా బతికాను కూడా. వినేవాళ్ళు లేరనుకుంటే తప్పు మాట్లాడతామన్న భయం ఉండదు.

నూజివీడు బస్టాండుకి నాలుగడుగుల దూరంలో మోటారు వైండింగు షాపు మీద మావి రెండు గదులు. ఒకదాంట్లో మైకు, కంప్యూటరు, నేను. రెండోదాంట్లో ట్రాన్స్‌మిటరు, దానికో ఏసీ. ఏసీ దానికే, నాకు ఫ్యాను. పేరు తోటమాట ఎఫ్.ఎం. గాలి, మబ్బు అనుకూలిస్తే రెడ్డిగూడెం దాకా శుభ్రంగా వినిపిస్తుంది. చింతలపూడి వైపు వెళ్ళేవాళ్ళకి సగం దారిలోనే గరగరమని పోతుంది. మాట్లాడేది, పాటలు వేసేది, షాపుల చుట్టూ తిరిగి ప్రకటనలు తెచ్చేది, సాయంత్రం గది ఊడ్చేది అన్నీ జయదేవ్ అనబడే నేనే. అంతకుముందు పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని భోజనాలకి దయచేయండి అని పిలిచేవాణ్ణి. అక్కడ కనీసం నా మాటకి జనం లేచేవాళ్ళు.

ప్రకటనలిచ్చే షాపులవాళ్ళ మీద కూడా నాకు పెద్ద భ్రమలు లేవు. వాళ్ళు ఇచ్చేది జనం వినాలని కాదు, తమ పేరు తాము వినాలని. పంపుసెట్ల గంగాధరం గారు ఇందుకు మంచి ఉదాహరణ. ఆయన ప్రకటన ఆరేళ్ళుగా సరిగ్గా మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చేది. "బోరులో నీళ్ళుంటే చాలదు, మోటారులో దమ్ముండాలి! గంగాధరం పంపుసెట్లు, బస్టాండు ఎదురుగా, నూజివీడు." గొంతు నాదే. కిందటేడు జూన్ మొదటివారంలో ఆయన ఫోన్ చేసి, "జయదేవ్, ఒంటిగంటకి నేను ఇంటికెళ్ళి భోంచేసి పడుకుంటున్నానయ్యా. నా ప్రకటన నాకే వినపడట్లేదు. పావుతక్కువ రెండుకి మార్చు, షాపులో ఉంటాను" అన్నారు. మార్చాను. దాని చోట ఒక పాత యుగళగీతం వేశాను. అర నిమిషం పని.

మర్నాడు మధ్యాహ్నం మూడుంపావుకి ఒక మనిషి మెట్లెక్కి వచ్చింది. నలభై మూడు, నలభై నాలుగేళ్ళుంటాయి. సన్నగా, పొడుగ్గా ఉంది. మామిడి సొన మరకలతో వేళ్ళు నల్లగా ఉన్నాయి. ఆ వేళ్ళ మధ్య ఒక హాల్ టికెట్టు నలిగిపోయి ఉంది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికొచ్చి, "రేడియోలో మాట్లాడేది మీరేనాండీ?" అంది.

ఎవరో అభిమాని అనుకుని నవ్వాను. నవ్వినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"గంగాధరం గారి ప్రకటన ఎందుకు జరిపారండీ?"

"ఏం, మీకు మోటారు కావాలా?"

"నాకు ఒంటిగంట కావాలండీ," అంది. అని, నిలబడ్డ చోటే గోడకి ఆనుకుని కూర్చుండిపోయి ఏడ్చింది. నేను పాట మీద పాట వేస్తూ విన్నాను. మొత్తం కథ వినడానికి ఐదు పాటలు పట్టింది.

ఆమె పేరు భాగ్యవతి. రెడ్డిగూడెం దగ్గర బసవపున్నారావు గారి మామిడికాయల షెడ్డులో కాయలు ఏరుతుంది. ఆమె భర్త చార్లెస్ తోటల్లో కాయ కోస్తాడు. ఆ షెడ్డులో ముప్పై మంది ఆడవాళ్ళు గోనెసంచుల మీద వరసగా కూర్చుని పని చేస్తారు. తొడిమ కత్తిరించాలి, సొన కారిపోయేలా కాయని బోర్లించాలి, తరవాత సైజుని బట్టి, పక్వాన్ని బట్టి వేరుచేయాలి. సొన తగిలితే చర్మం కాలుతుంది గనక చేతులకి నూనె రాసుకుంటారు. ఆ చేతులతో ఫోన్లు పట్టుకోలేరు, వాచీలు పెట్టుకోలేరు. ఫోన్లు ఎలాగూ పొద్దున్నే ఓనరు గదిలో ఒక బుట్టలో పెట్టేయాలి. ఒకప్పుడు షెడ్డు గోడకి గడియారం ఉండేదట. ఆడవాళ్ళు కాయ వంక కంటే దాని వంక ఎక్కువ చూస్తున్నారని బసవపున్నారావు గారు దాన్ని తీయించేసి, పని చురుగ్గా సాగుతుందని రేడియో పెట్టించారు.

ఆయన తెలివి అంతవరకే పనిచేసింది. నెల తిరగకుండా ఆ ముప్పై మందికీ నా ప్రకటనలన్నీ నోటికొచ్చేశాయి. ప్రమీలారాణి లేడీస్ టైలర్స్ వచ్చిందంటే పదకొండు, నీళ్ళు తాగి నడుం వాల్చే వేళ. మిక్సీ రిపేరు వచ్చిందంటే నాలుగు, టీ. గంగాధరం పంపుసెట్లు వస్తే ఒంటిగంట, అన్నం. 'మోటారులో దమ్ముండాలి' అనగానే ముప్పై మందీ ఒక్కసారి లేస్తారట. టైము వీళ్ళకెలా తెలుస్తోందో ఓనరుకి అప్పటిదాకా అంతుపట్టలేదట. కడుపులోనే గడియారాలున్నాయని ఎవరితోనో అన్నాడట.

భాగ్యవతి ఎనిమిదో తరగతితో బడి మానేసి తల్లి వెంట ఈ పనిలోకి వచ్చింది. కాయ భుజాలు నిండి తొడిమ దగ్గర చిన్న గుంట పడితే పక్వానికి వచ్చినట్టని, చీకట్లో ఇచ్చినా వేలితో తడిమి చెప్పగలదు. ఆమె మీదికి ఇప్పటికి ముగ్గురు సూపర్‌వైజర్లు వచ్చారు. ముగ్గురూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళవాళ్ళు. ముగ్గురూ మొదటి వారం ఆమె పక్కన చతికిలబడి, "ఆంటీ, ఇది ఏ గ్రేడు?" అని అడిగి నేర్చుకుని, రెండో వారం నుంచి ఆమెని అదిలించారు. మూడోవాడు వెళ్ళిపోయినప్పుడు ఆమె నేరుగా బసవపున్నారావు గారి దగ్గరికెళ్ళి ఆ పని తనకిమ్మని అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. "ఇద్దును గానీ భాగ్యమ్మా, కాయ కొనే పై కంపెనీవాళ్ళు సూపర్‌వైజరుకి టెన్త్ పాసై ఉండాలంటున్నారు. కాగితాలు రాయాలిగా. సర్టిఫికెట్టు తెచ్చుకో, నీకే ఇస్తా" అన్నాడు.

ఆమె ఓపెన్ స్కూల్లో ఫీజు కట్టింది. కూతురు షాలోమి పాత పుస్తకాలు దుమ్ము దులిపి ముందేసుకుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చాక చదువు, మిగతా రోజులు తెల్లవారుజామున చదువు. మార్చిలో ఐదు సబ్జెక్టులు రాస్తే నాలుగు పాసైంది. లెక్కల్లో ముప్పై ఒకటి వచ్చాయి, ముప్పై ఐదు కావాలి. సప్లిమెంటరీ జూన్‌లో పడింది. నూజివీడులో సెంటరు, మధ్యాహ్నం రెండున్నరకి పరీక్ష. కాయ దిగే కాలంలో పూర్తి సెలవు దొరకదు. ఒంటిగంటకి షెడ్డులోంచి లేస్తే ఒంటిగంటా పావుకి బస్సు, రెండుంపావుకల్లా సెంటరు. లెక్క సరిగ్గానే వేసుకుంది.

ఆ రోజు మబ్బు పట్టి ఉంది. ఎండని బట్టి టైము తెలిసే దారి కూడా లేదు. యుగళగీతం వచ్చింది, పోయింది. ఇంకా ఒంటిగంట కాలేదని ఆమె కాయలు ఏరుతూనే ఉంది. కడుపు కాలుతున్నా ఎవరూ అడగలేదు. ఎందుకడుగుతారు? ఆరేళ్ళలో గంగాధరం గారు ఒక్కసారీ తప్పలేదు. ప్రకటన వినిపించినప్పుడు లేచి, చేతులు కడుక్కుని, నింపాదిగా రోడ్డు మీదికి వచ్చింది. అక్కడ ఎవరో రెండవుతోందని చెప్పారు. ఆటోలు మారి సెంటరుకి చేరేసరికి మూడు దాటింది, గేటు వేసేశారు. రూలు రూలే కదా, అక్కడి నుంచి ఆమె తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"మళ్ళీ మార్చిలోనేనండీ," అంది కొంగుతో మొహం తుడుచుకుంటూ. "ఈలోపు ఇంకో కుర్రాడు వస్తాడు. వాడికీ నేనే నేర్పాలి."

పదకొండేళ్ళలో మొదటి శ్రోత దొరికింది, దొరికిన రోజే ఆమె పరీక్ష మింగేశాను. తప్పు చేస్తే ముందు ఎదుటివాళ్ళ మీద ఒళ్ళు మండడం నా జబ్బు. "టైము కావాలంటే రేడియోలో చెప్పమని ఒక ఫోన్ కొట్టొచ్చుగా? గంటగంటకీ చెప్పేవాణ్ణి!" అని కసిరాను.

"టైము చెప్తే మా ఓనరు రేడియో కూడా తీసేస్తాడండీ."

టీ తెప్పించాను. తాగింది. లేచి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటుంటే, "ఏమ్మా, నేనేమైనా చేయగలనా?" అని అడిగాను. మాటవరసకి అడిగానో, మనసారా అడిగానో నాకే తెలియదు.

ఆమె మాత్రం మాటవరసగా తీసుకోలేదు. "ఇంట్లో కూర్చుని చదివితే లెక్కలు బుర్రకెక్కట్లేదండీ, నిద్ర ముంచుకొస్తోంది. షెడ్డులో ఎనిమిది గంటలు బుర్ర ఖాళీగానే ఉంటుంది, చేతులకే పని. రోజుకో లెక్క రేడియోలో చెప్పండి. నోటితోనే చేసుకుంటాం," అంది. మర్నాడు తన లెక్కల పుస్తకం ఒకటి బస్సు కండక్టరుతో పంపించింది.

పాటల మధ్య లెక్కలు చెప్పే రేడియో ప్రపంచంలో ఎక్కడుంటుంది? పైగా మాది వ్యాపారం. చెప్పే ప్రతి నిమిషానికీ ఎవరో ఒకరి పేరు తగిలించాలి. రెండు రోజులు ఆలోచించి గంగాధరం గారి దగ్గరికి వెళ్ళాను. ముందు ప్రకటన మళ్ళీ ఒంటిగంటకే వస్తుందన్నాను. ఆయన మొహం ముడుచుకున్నారు. తరవాత కొత్త ప్రకటన చదివి వినిపించాను. "పన్నెండు వేల లీటర్ల ట్యాంకు. నిమిషానికి మూడు వందల లీటర్లు పోసే గంగాధరం మోటారు. ట్యాంకు నిండటానికి ఎంతసేపు? జవాబు నాలుగింటికి. బోరులో నీళ్ళుంటే చాలదు, మోటారులో దమ్ముండాలి!"

ఆయన కళ్ళజోడు తీసి, "నలభై నిమిషాలు," అన్నారు. "బానే ఉందయ్యా. రోజూ నా మోటారేనా?"

"రోజూ మీ మోటారేనండీ."

అలా మొదలైంది. ఒంటిగంటకి లెక్క, నాలుగింటికి మిక్సీ రిపేరు ప్రకటన పక్కన జవాబు. మధ్యలో మూడు గంటలు షెడ్డులో ఏం జరిగేదో భాగ్యవతి వారానికోసారి ఫోన్లో చెప్పేది. మొదట్లో ఆమె ఒక్కతే చేసేదట. తరవాత పక్కనున్న రోజీ, ఆ పక్కనున్న నాగమణి అందుకున్నారట. కాయల్నే వేలు, వందలు అనుకుని పేర్చుకుని లెక్కలు కట్టేవాళ్ళట. సీజను అయిపోయాక తోటల్లో కలుపు పనిలో ఉన్నప్పుడు కూడా గట్టు మీద చిన్న రేడియో పెట్టుకుని విన్నారట. నేను టెన్త్‌లో లెక్కలు ఎలా గట్టెక్కానో దేవుడికి తెలుసు. అలాంటివాణ్ణి, ఈ ముప్పై మంది కోసం యాభై ఐదేళ్ళ వయసులో రాత్రి అన్నం తిన్నాక శాతాలు, నిష్పత్తులు ముందేసుకుని కూర్చునేవాణ్ణి.

ఒక రోజు దొరికిపోయాను. అదే మోటారు, అదే ట్యాంకు, కానీ అడుగున నిమిషానికి అరవై లీటర్లు పోయే కన్నం పెట్టాను. నాలుగింటికి దర్జాగా ముప్పై మూడు నిమిషాల ఇరవై సెకన్లు అని చెప్పాను. షెడ్డు వదిలిన మరుక్షణం ఫోన్ మోగింది.

"ఏవండీ, కన్నం ఉంటే ట్యాంకు తొందరగా నిండుతుందాండీ?"

వెనక ఆడవాళ్ళ నవ్వులు. ఫోన్ పెట్టేసి కాగితం తీసి చూసుకుంటే, తీసేయాల్సిన అరవైని కలిపేశాను. జవాబు యాభై నిమిషాలు. మర్నాడు మైకులో క్షమాపణ చెప్పుకున్నాను. నవ్వులపాలైనందుకు బాధ కలగాలి గదా, కలగలేదు. ఆ పూటంతా ఈల వేస్తూ గది ఊడ్చాను.

మార్చి వచ్చింది. భాగ్యవతి పరీక్ష మళ్ళీ మధ్యాహ్నం రెండున్నరకే. షెడ్డులో అప్పటికి పచ్చికాయ పని మొదలైంది. ఆ రోజు పొద్దున్నే లేచి గంగాధరం గారి ప్రకటన రెండుసార్లు సరిచూసుకున్నాను. పన్నెండు గంటల యాభై నిమిషాలకి కరెంటు పోయింది. ఇన్వర్టరు ఒకసారి కీచుమని అదీ చచ్చింది. కిందికి పరిగెత్తి వైండింగు షాపువాళ్ళని అడిగితే ట్రాన్స్‌ఫార్మరు కాలింది, సాయంత్రం దాకా రాదన్నారు.

ఆమె ఫోన్ బుట్టలో ఉంటుంది. బసవపున్నారావు గారి నంబరు నా దగ్గర లేదు. ఇంకేం ఆలోచించలేదు, స్కూటరు తీశాను. తోటల మధ్య రోడ్డు మీద ఆ స్కూటరు ఎన్నడూ పోనంత వేగంగా పోనిచ్చాను. ఆ మనిషికి ఇంకో ఏడాది పోగొట్టిన పాపం నా నెత్తిన పడకూడదని దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కాను, ఆమె దేవుడికి కూడా.

షెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి ఒంటిగంటన్నర దాటింది. గుమ్మంలో నిలబడి చూశాను. వరసగా ఆడవాళ్ళు, వంచిన తలలు, ఆగకుండా కదులుతున్న చేతులు. అన్నం క్యారియర్లు గోడ వారన మూతలు తీయకుండా అలాగే ఉన్నాయి. మూల బల్ల మీద రేడియో గరగరమంటోంది. గరగర వింటూనే వీళ్ళు ఒంటిగంట కోసం ఎదురుచూస్తున్నారు. ఉన్నంత బలంతో అరిచాను.

"బోరులో నీళ్ళుంటే చాలదు, మోటారులో దమ్ముండాలి! గంగాధరం పంపుసెట్లు, బస్టాండు ఎదురుగా, నూజివీడు!"

అందరూ ఒక్కసారి లేచారు. లేచాక, గొంతు రేడియోలోంచి కాక గుమ్మంలోంచి వచ్చిందని గ్రహించి నోళ్ళు తెరిచారు. ఓనరు గదిలోంచి బసవపున్నారావు గారు బయటికొచ్చి, నన్నూ, లేచి నిలబడ్డ ఆడవాళ్ళనీ, మూతలు తీయని క్యారియర్లనీ చూశారు. మెల్లగా ఆయనకి విషయం అర్థమైంది.

"భాగ్యవతి ఎక్కడ? పరీక్ష! ఆమెని స్కూటరు మీద దింపుతాను, రమ్మనండి!" అన్నాను రొప్పుతూ.

ముందు వరసలోని పెద్దామె, తరవాత తెలిసింది నాగమణి అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఆవిడ కూలి వదులుకుని పొద్దున్న తొమ్మిదింటి బస్సుకే వెళ్ళిపోయిందండీ. ఇవాళ్టికి మాత్రం మిమ్మల్ని నమ్ముకోనంది," అంది.

షెడ్డంతా గొల్లున నవ్వింది. బసవపున్నారావు గారు కూడా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. ఎవరో క్యారియర్ మూతలో అన్నం, మామిడికాయ పప్పు పెట్టి నా చేతికిచ్చారు. తింటూ చుట్టూ చూశాను. పదకొండేళ్ళుగా నేను మాట్లాడుతున్నది వీళ్ళతో అని ఆ రోజు తెలిసింది. బసవపున్నారావు గారు నా పక్కకొచ్చి నిలబడి, "ఆకలేస్తోందని ఒక్కళ్ళూ అడగలేదయ్యా నన్ను," అన్నారు నెమ్మదిగా. వారం తిరక్కుండా షెడ్డు గోడకి కొత్త గడియారం వచ్చింది.

ఫలితాలు వచ్చిన రోజు భాగ్యవతి ఫోన్ చేయలేదు, మనిషే వచ్చింది. ఈసారి వేళ్ళ మధ్య ఉన్న కాగితం నలగలేదు. లెక్కల్లో అరవై రెండు. నేను ఆ అంకె మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను. సంతోషం పట్టలేక మైకు ముందుకెళ్ళి పేరుతో సహా చెప్పేశాను. ఆమె గోడకి ఆనుకుని, కిందటేడు కూర్చున్న చోటే నిలబడి, వింటూ ఏడ్చింది. ఈసారి ఆ ఏడుపుకి నేను భయపడలేదు.

ఇప్పుడామె షెడ్డుకి సూపర్‌వైజరు. ఫోను చేతిలోనే ఉంటుంది, గడియారం గోడ మీద ఉంటుంది. ఇక నా ప్రకటనల అవసరం తీరిపోయిందనే అనుకున్నాను. మొన్న సోమవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"ఏవండీ, రేపట్నుంచి నాలుగింటికి జవాబు చెప్పకండి."

"ఏమ్మా, లెక్కలు ఆపేయమంటావా?"

"అయ్యో, లెక్క చెప్పండి. జవాబే వద్దంటున్నాను. ఈ ఏడు మా షెడ్డులో నలుగురు ఓపెన్ స్కూలుకి కట్టారు, నాగమణక్కతో సహా. నాలుగింటికి మీరెలాగూ చెప్తారని వీళ్ళు సగంలో వదిలేస్తున్నారు. పరీక్ష హాల్లో నా పక్కన కూర్చుని మీరేమైనా చెప్పారాండీ?"

చెప్పలేదని ఒప్పుకున్నాను. మంగళవారం నాలుగింటికి మిక్సీ రిపేరు ప్రకటన వేసి, జవాబు చెప్పకుండా పాటలోకి వెళ్ళిపోయాను.